పొలాల పేర్లు, దోవల పేర్లు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు నువ్వు కూడా ఏదో ఒకటి మాట్లాడాలని కార్యవర్గంవారు ఆజ్ఞ వేశారు. నేను పండితుణ్ణి కాను. పదవ తరగతి ప్యాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పంచాంగ శ్రవణానికీ పిల్లల పాటలకూ మధ్య నన్ను నిలబెట్టారు. మీ మీ రాశుల ఆదాయ వ్యయాలు ఇప్పుడే విన్నారు గనుక, నా వల్ల కలిగే వ్యయం మీ పావుగంట కాలం మాత్రమేనని మనవి చేస్తూ మొదలుపెడతాను.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, ఊళ్ళ పేర్లు. పార్సిల్ ఆఫీసులో కూర్చున్నవాడికి రోజంతా వాటితోనే పని. మూట మీద ఒక స్పెల్లింగు, రసీదు మీద మరొక స్పెల్లింగు, తెచ్చినవాడి నోట మూడో ఉచ్చారణ. ఈ మూడింటికీ పొత్తు కుదిర్చేసరికి సాయంత్రమవుతుంది. అట్లా పేర్లతో కాపురం చేయగా చేయగా, ఈ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎందుకు వచ్చాయి అనే చింత పట్టుకున్నది. ఊళ్ళ పేర్ల నుంచి దోవల పేర్లకూ, దోవల పేర్ల నుంచి పొలాల పేర్లకూ దిగాను. దిగిన తరువాత ఒక నష్టం కూడా తెలిసివచ్చింది. ఆ నష్టం సంగతి మీ ముందు పెట్టడానికే ఈ ప్రసంగం.

మొదట మనం నిలబడి ఉన్న ఊరి సంగతే చూద్దాం. ఆవడి అనే పేరు ఎట్లా వచ్చిందని మన పిల్లల్ని అడగండి. ‘ఆర్మర్డ్ వెహికిల్స్ అండ్ ఎమ్యునిషన్ డిపో ఆఫ్ ఇండియా’ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చితే ఆవడి అయిందని టకటకా చెబుతారు. నేనూ చాలాకాలం నమ్మినవాణ్ణే. ట్యాంకులు తయారయ్యే ఊరు గదా, సరిగ్గా అమరింది అనుకున్నాను. కాని లెక్క చూడండి. సైన్యం ఇక్కడ పెద్దగా దిగినది రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో. భారీ వాహనాల కర్మాగారం 1961లో పెట్టారు. దానిలో నుంచి మొదటి విజయంత ట్యాంకు 1965లో బయటికి వచ్చింది. మన ముందున్న ఈ పట్టాలో, 1856 జులై 1వ తేదీన రాయపురం నుంచి వాలాజా దాకా మొదటి రైలు నడిచిన దారి. అప్పటికి ట్యాంకు అనే యుద్ధవాహనమే లోకంలో పుట్టలేదు. డిపో రాకముందే ఊరున్నది, ఊరికి పేరున్నది. తమిళంలో ‘ఆ’ అంటే ఆవు, మందలు తిరిగిన చోటు గనుక ఆవడి అయిందని ఇక్కడి తమిళ పెద్దలు చెబుతారు. ఆ మాటా మన ‘ఆవు’ మాటా చుట్టాలే. వారు చెప్పినదే తుదిమాట అని నేను అనను గాని, ఇంగ్లీషు అక్షరాల కథ మాత్రం తరువాత అల్లినది.

ఇక దీనికి తలకిందులైన సంగతి ఒకటి ఉన్నది. ఆవడిలో లేని పొడి అక్షరాలను మనం చూస్తున్నాం. ఉన్నచోటనేమో మరచిపోతున్నాం. మన ఊరి నడుమ పోయే పెద్ద రోడ్డును సి.టి.హెచ్. రోడ్డు అంటాం. అదే రోడ్డును విల్లివాక్కం, పాడి వైపున ఎం.టి.హెచ్. రోడ్డు అంటారు. ఒకటి చెన్నై–తిరువళ్ళూరు హై రోడ్డు, రెండోది మద్రాసు–తిరువళ్ళూరు హై రోడ్డు. రాజధాని పేరు 1996లో మద్రాసు నుంచి చెన్నైగా మారింది. రోడ్డుకు ఒక చివర పాత పేరు, ఒక చివర కొత్త పేరు అతుక్కుని ఉండిపోయాయి. ఈ ఎం.టి.హెచ్. ఎవరో పెద్దమనిషి ఇంటిపేరూ పేరూ అయి ఉంటాయని మా ఆఫీసులో ఒక కుర్రవాడు అనుకున్నాడు! పళ్ళిపట్టు వైపున ఆర్.కె.పేట ఉన్నది. అది రామకృష్ణరాజుపేట. శ్రీకాళహస్తి వైపు బి.ఎన్. కండ్రిగ అంటే బుచ్చినాయుడు కండ్రిగ. పొడి అక్షరాలు చేశామంటే ఒక మనిషిని చెరిపేశామన్నమాటే.

చెవి చేసే మోసం మరొకటి. పట్టాభిరాం, నెమిలిచ్చేరి దాటితే వచ్చే స్టేషను తిరునిన్రవూరు. తమిళంలో ‘తిరు’ అంటే శ్రీ, ‘నిన్ర’ అంటే నిలిచిన. లక్ష్మీదేవి నిలిచిన ఊరు అని అర్థం. వాడుకలో అది నలిగి తిన్ననూరు అయింది. మా పెదనాన్న బతికినన్నాళ్ళూ అది మన కన్నప్ప, అంటే తిన్నడు, పుట్టిన ఊరేనని వాదించాడు. తిన్నడు మన మనసులో ఉన్నాడు గనుక తిన్ననూరులో తిన్నడే కనిపించాడు! చెన్నపట్నంలో మింట్ వీధిని తమిళంలో తంగసాలై అంటారు. ‘తంగం’ అంటే బంగారం గనుక బంగారపు శాల అనిపిస్తుంది. అసలు మాట మనకు బాగా తెలిసిన టంకసాల, నాణేలు కొట్టే చోటు. ఒక భాష మాట మరో భాష చెవిలో పడితే, ఆ చెవి తనకు తెలిసిన మాటగా దాన్ని దిద్దుకుంటుంది. ఇది ఎవరి తప్పూ కాదు. కాని అర్థం చెప్పబోయేవాడు ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు నాతో రైలెక్కండి, టిక్కెట్టు అక్కరలేదు. ఆవడి నుంచి అరక్కోణం మీదుగా పుత్తూరు దాకా పోదాం. దారిలో తిరునిన్రవూరు తరువాత వేప్పంపట్టు వస్తుంది. పుత్తూరుకు ముందు వేపగుంట వస్తుంది. ఒకటి తమిళ పేరు, ఒకటి తెలుగు పేరు, రెండింటిలోనూ ఉన్నది అదే వేపచెట్టు. ఈ రోజు మన పచ్చడిలో పడిన పువ్వు ఆ చెట్టుదే. నడుమ తిరువాలంగాడు వస్తుంది. ఆలం అంటే మర్రి, కాడు అంటే అడవి. మర్రులు ఊడలు దించిన అడవి అన్నమాట. తిరుత్తణి, పొన్పాడి దాటగానే, పొడవైన పేరుతో దేశమంతటా ప్రసిద్ధికెక్కిన స్టేషను వస్తుంది: వెంకటనరసింహరాజువారిపేట. ఇంగ్లీషులో 28 అక్షరాలు, మన తెలుగులో 13 మాత్రమే. మా రైల్వే వారు దాన్ని వి.కె.జెడ్. అనే మూడు అక్షరాలలో ముగించారు. కాని ఆ పొడుగు పేరు వృథాగా పొడుగు కాలేదు. ‘వారి’ అనే మాట గౌరవం చెబుతున్నది, ‘పేట’ అనే మాట అంగడి చెబుతున్నది. రాజుగారు వెలయించిన అంగడి ఊరు అని పేరే సాక్ష్యం పలుకుతున్నది. ఆ పక్కనే ఏకాంబరకుప్పం. ఏకాంబరుడు కంచి దేవుడు. కుప్పం అంటే తమిళంలో గుడిసెల చిన్న పల్లె. ఊరేమో ఆంధ్రదేశంలో ఉన్నది!

మరొక మాట చూడండి. తిరువళ్ళూరు జిల్లాలో ‘కండిగై’ అని ముగిసే పల్లెలు చాలా ఉన్నవి. నెల్లూరు, చిత్తూరు సీమల్లో ‘కండ్రిగ’ అని ముగిసేవి అన్నే ఉన్నవి. నెల్లూరు జిల్లా పుట్టంరాజు కండ్రిగను 2014లో సచిన్ తెందుల్కర్ దత్తత తీసుకున్నప్పుడు ఆ మాట దేశమంతా వినబడింది. ఈ రెండూ ఒకటే మాట. ‘ఖండం’ నుంచి వచ్చిన ఖండ్రిక. పెద్ద ఊరి నేలలో ఒక ముక్క విడదీసి మాన్యంగా ఇస్తే, ఆ ముక్కలో వెలసిన పల్లె కండ్రిగ. కాబట్టి మీలో ఎవరి ఊరైనా ఫలానావారి కండ్రిగ అయితే, ఆ ఫలానావారికి ఎవరో ఎప్పుడో ఆ నేల ముక్క ఇచ్చారని అర్థం. దానపత్రం చెదలు తిన్నా పేరు మిగిలింది.

ఈ సీమ మీద తగవు కూడా జరిగిందని మీకు తెలుసు. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వం తరువాత 1959లో చట్టం చేశారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, సత్యవేడు వైపు గ్రామాలు ఆంధ్రలోకి పోయాయి. మా ఊరు నగరి పక్కన ఒక చిన్న పల్లె, ఇటే ఉండిపోయింది. మా నాన్నగారి మేనత్త ఊరు కూతవేటు దూరంలో అటు పోయింది. మా అవ్వ అంటుండేది, “బోర్డు మారింది గాని కయ్య పేరు మారలేదురా” అని. ఆ మాట నిజం. పటంలో గీత ఒక్క పూటలో గీయవచ్చు. పేర్లు మాత్రం రెండు భాషలూ కలిసి ఒకే చెరువు నీళ్ళు తాగిన కాలానివి. వాటిని పట్టుకొని ఇది మాది, అది మీది అని పోట్లాడడానికి ఈ విద్య పనికిరాదు. ఎవరు ఎవరి పక్కన బతికారో తెలుసుకోవడానికి పనికివస్తుంది.

కయ్య అన్నాను. కోస్తా జిల్లాల సోదరులకు మడి అంటే తెలుస్తుంది. మా వైపు వరి పండే మడిని కయ్య అంటాం, గట్టును గెనిమ అంటాం, చెరువు నిండి పొర్లే చోటును మొరవ అంటాం. ఇక ఊరిని విడిచి పొలంలోకి దిగుదాం.

పొలానికి పేరు పెట్టడం మన ఒక్కరి అలవాటు కాదు. ఇంగ్లండులో కూడా పొలాలకూ, సందులకూ పేర్లున్నవి. అక్కడ 1836లో ఒక చట్టం చేసి, చర్చికి పంటలో చెల్లించే దశమ భాగాన్ని డబ్బు రూపంలోకి మార్చారు. అందుకోసం ఊరూరా పటాలు గీసి, పొలాల పేర్లు రిజిస్టర్లలోకి ఎక్కించారు. ఊళ్ళ పేర్ల పరిశోధనకే 1923లో ఒక సంఘం పెట్టుకుని, జిల్లాలవారీగా సంపుటాలు వేస్తూ వచ్చారు. ఆ పేర్లలో వేళాకోళాలు కూడా ఉన్నవి. గుప్పెడు నేలకు ‘నూరెకరాలు’ అని పేరు. ఊరికి మరీ దూరంగా ఉన్న పొలానికి ‘బోటనీ బే’ అని పేరు, అంటే నేరస్థులను ఓడెక్కించి పంపిన ఆస్ట్రేలియా తీరం!

ఇది చదివి నేను పకపకా నవ్వాను. ఎందుకంటే మా ఊళ్ళో ‘కాశీ కయ్య’ ఉన్నది. నా చిన్నతనంలో అది కాశీకి పోయినవారెవరో దానమిచ్చిన పుణ్యక్షేత్రం అనుకునేవాణ్ణి. మా అవ్వను అడిగితే, “పుణ్యమూ లేదు, పాడూ లేదు. ఊరికి అంత దూరం. సద్ది మోసుకుని పోయినామె పొద్దుగూకి గాని ఇల్లు చేరదు. కాశీకి పోయినట్టే” అన్నది. ఇంగ్లండు రైతూ మా ఊరి రైతూ ఒకరినొకరు చూడలేదు. నడిచి నడిచి నొప్పెట్టిన కాళ్ళు రెండుచోట్లా ఒకే పరిహాసం పుట్టించాయి.

మన సీమకు ఈ విషయంలో గొప్ప సాక్ష్యం ఉన్నది. మన రైలు ఆగే తిరువాలంగాడు గుడికి, సుమారు 1018లో, రాజేంద్ర చోళుడు పళైయనూరు గ్రామాన్ని దానం చేశాడు. ఆ శాసనాన్ని 31 రాగిరేకుల మీద చెక్కించారు. చోళరాజుల దానాలలో, దానమిచ్చిన భూమి ఎల్లల వెంట ఆడయేనుగును నడిపించి, పోయిన దారిని హద్దుగా వ్రాసేవారు. ఏ చెరువు పక్కగా, ఏ కాలువ దాటి హద్దు పోతున్నదో రేకుల మీద ఉంటుంది. వెయ్యి ఏళ్ళ నాడు చక్రవర్తికి కూడా పొలం హద్దు చెప్పాలంటే, ఆ ఊరి జనం నోట నలిగే పేర్లే దిక్కయినవన్నమాట.

మా ఊరి పేర్లు కొన్ని చెబుతాను. ‘చౌటి కయ్య’ అంటే ఉప్పు పొటమరించే నేల. కొనేవాడికి పేరే హెచ్చరిక. ‘గానుగ చేను’ అన్నచోట ఇప్పుడు గానుగ లేదు. చెరకు ఆడి బెల్లం వండిన కాలం పేరులో మిగిలింది. ‘చాకలి మాన్యం’, ‘మంగలి మాన్యం’, ‘తోటి మాన్యం’ అని ఉన్నవి. ఊరికి ఎవరు ఏ సేవ చేసి, జీతానికి బదులు ఏ నేల దున్నుకున్నారో ఆ పేర్లు చెబుతాయి. ‘దీపమాన్యం’ అరెకరం ఉండదు. దాని పంట అమ్మి గుడిలో దీపానికి నూనె పోసేవారు. ‘పోరంబోకు’ అంటే మనం తిట్టు అనుకుంటాం. తమిళంలో ‘పుఱం’ అంటే వెలుపల, ‘పోక్కు’ అంటే పోవడం. పన్ను లెక్కకు వెలుపల పోయిన నేల. లెక్కలో లేని నేలను, లెక్కలో లేని మనిషినీ మనం ఒకే మాటతో పిలిచాం.

దోవల్లో ఒకటి ‘ఉప్పుదోవ’. ఊరి తూర్పున రెండు ముళ్ళకంచెల నడుమ ఎక్కడికీ పోకుండా ఆగిపోయిన సందు అది. ఈ పేరు ఎందుకో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. వెనుకటి కాలంలో ఎరుకలవారు సముద్రతీరపు ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్ళకు తెచ్చి, ధాన్యానికి మార్చుకునేవారు. రైలు పడిన తరువాత ఉప్పు బండ్లకెక్కింది, వారి వ్యాపారం అణగిపోయింది. బతుకుతెరువు పోయి తిరిగినవారిని, 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911 తరువాత మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చి, పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. చెన్నపట్నంలో ‘సాల్ట్ కొటార్స్’ అనే రైల్వే గూడ్సు యార్డు పేరు మా శాఖలో అందరికీ తెలుసు. కొటారు అంటే సరుకు నిలవచేసే కొట్టు, మన మాటే. ఆ ఉప్పుకొటారు పేరు పలికినప్పుడల్లా మా ఊరి ఉప్పుదోవ నాకు గుర్తుకు వస్తుంది. ఆ దోవ ఆగిపోవడానికి కారణమైన శాఖలోనే నేను జీతం తీసుకుంటున్నాను. ఒక సందు పేరు వెంట పోతే ఇంత దూరం తీసుకుపోయింది.

ఇక అన్నిటికన్నా చిన్న పేరు చెబుతాను. చెరువుకట్టకు పడమర మిట్టనేల నలభై సెంట్లు ఉన్నది. దాని పేరు ‘గంజిదిన్నె’. అక్కడ వెనుక గంజాయి వేసేవారని కుర్రకారు ఎగతాళి చేసేవారు. మా అవ్వ ఒకనాడు ఆ మాట విని, నవ్వకుండా, నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ధాత కరువులో, అంటే 1876–78లో మద్రాసు రాజధానినంతా మాడ్చివేసిన ఆ పెద్ద కరువులో, ఆ దిన్నె మీద పొయ్యిలు తవ్వి గంజి కాచి పోశారట. చుట్టుపక్కల పల్లెల జనం ముంతలు పట్టుకుని వరసగా కూర్చునేవారట. మా అవ్వకు అవ్వ అప్పుడు ఆరేళ్ళ పిల్ల. తల్లి తన వంతు గంజి పిల్లకు పోసి, నాలుగో వారంలో ఆ దిన్నె మీదనే కన్నుమూసింది. “ఆ గంజి దిగబట్టే ఆమె బతికింది. ఆమె బతకబట్టే మేమున్నాం, మీరున్నారు” అన్నది మా అవ్వ. ఆ ఆరేళ్ళ పిల్ల ముసలిదై మా అవ్వకు చెప్పింది, మా అవ్వ నాకు చెప్పింది. నడుమ రెండే నోళ్ళు. నూట యాభై ఏళ్ళ మాట నా దాకా వచ్చింది. అది ఏ రిజిస్టరులోనూ లేదు. ఆ నేల పేరులో ఉన్నది.

మా అవ్వ పోయి మూడేళ్ళయింది. ఆమె నోట నలభై, యాభై పేర్లు ఉండేవి. నేను కాగితం మీద పెట్టుకున్నవి పదకొండు. సెలవుకు వచ్చినప్పుడు వ్రాసుకుందాంలే అనుకుంటూ వాయిదా వేశాను. మిగతావి ఆమెతోనే పోయాయి. ఇందాక నష్టం అన్నది ఇదే.

ఆ నష్టం ఎంతటిదో ఆమె పోయిన ఏడాదే తెలిసింది. మా నాన్నా, చిన్నాన్నా పొలం పంచుకోదలచారు. పాత దస్తావేజులో ‘తూము కింది కయ్య’ మా నాన్న భాగమని ఉన్నది. తూము కిందనే ఉన్న కయ్యను మేము మాదనుకున్నాం. అది కాదు, తమదేనని చిన్నాన్నగారి అబ్బాయి అన్నాడు. ఒక కార్యాలయానికి పోతే సర్వే నంబర్లు చూపారు. జమీందారీలు 1948 చట్టంతో రద్దయిన తరువాత మా వంటి ఊళ్ళలో సర్వే సాగి పొలాలకు నంబర్లు పడ్డాయి. దస్తావేజు అంతకన్నా పాతది, అందులో పేర్లే గాని నంబర్లు లేవు. నంబరుకూ పేరుకూ ముడి ఎక్కడా వ్రాసి లేదు. మాట మీద మాట పెరిగింది. ఒకే కంచంలో తిన్న అన్నదమ్ముల బిడ్డలం ఆరు నెలలు పలకరించుకోలేదు. వకీలు దాకా పోవలసినవాళ్ళం.

ఆ కయ్యల్లో ముప్పై ఏళ్ళు మడక దున్నిన ఒక పెద్దాయన మా తగవు విని వచ్చాడు. “చిన్నయ్యా, ఏ తూము? కొత్త తూమా, పాత తూమా?” అన్నాడు. పాత తూము ఒకటి ఉన్నదని మాలో ఒక్కరికీ తెలియదు. ఆయన కట్ట వెంట నడిచి, కంపచెట్లు నరికించి, మట్టి తవ్వించాడు. రెండు రాతి కంబాలు, నడుమ రంధ్రం ఉన్న బండ బయటపడ్డాయి. దానికి సూటిగా దిగువన ఉన్నదే దస్తావేజులోని తూము కింది కయ్య. అది మేము మాదన్న కయ్య కాదు. చిన్నాన్న కొడుకు చెప్పిందే నిజం. నేను వెళ్ళి వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ సాయంత్రం రెండిళ్ళవాళ్ళం కలిసి భోజనం చేశాం. ఆ పెద్దాయనకు ఆ పొలంలో సెంటు నేల లేదు. పేరు మాత్రం ఆయన దగ్గర ఉన్నది. పొలం ఎవరిదో పట్టా చెబుతుంది. పొలం సంగతి దున్నినవాడికి తెలుస్తుంది.

ఇప్పుడు గంజిదిన్నె మీద ప్లాట్ల రాళ్ళు పాతారు. రంగుల బోర్డు మీద ఏదో నగర్ అని వ్రాశారు. ఊరు పెరగకూడదని నేను అనను. మనం ఉంటున్న ఇళ్ళు కూడా ఒకప్పటి ఎవరివో కయ్యల మీద కట్టినవే. మన వీధి కింద ఏ చెరువు, ఏ తోట ఉండేదో ఇక్కడి తమిళ పెద్దలను ఎంతమంది అడిగాం? పాత పేర్లలో మనిషిని నొప్పించేవి కూడా ఉన్నవి. అటువంటివి బోర్డు మీద నుంచి తీసివేయడమే న్యాయం. కాని పుస్తకంలో వ్రాసి ఉంచుకోవాలి. ఏమి జరిగిందో తరువాతివారికి తెలియాలి గదా.

వలస వచ్చినవాళ్ళం మనం ఊళ్ళు వదిలివచ్చామని బాధపడతాం. నిజానికి ఒక పేరును మెడలో కట్టుకునే వచ్చాం. అది ఇంటిపేరు. తిరుత్తణిలో 1888లో పుట్టి రాష్ట్రపతి పదవి దాకా పోయిన రాధాకృష్ణన్ గారి పేరు ముందు సర్వేపల్లి ఉన్నది. సర్వేపల్లి నెల్లూరు సీమలోని ఊరు. ఆయన పూర్వులు ఎప్పుడో ఆ ఊరు విడిచారు, పేరు విడవలేదు. మనలో సగంమంది ఇంటిపేర్లు ఏదో ఒక ఊరివే. ఊరి పేరు అట్లా మనతో నడిచి వస్తుంది. పొలం పేరుకు, దోవ పేరుకు ఆ అదృష్టం లేదు. వాటికి కాళ్ళు లేవు. మనం తీసుకురాకపోతే అవి రావు.

కాబట్టి నా విన్నపం ఒకటే. ఈ పండుగకు ఎవరైనా ఊరికి పోతున్నారా? ఒక నలభై పేజీల నోటుపుస్తకం, ఒక పెన్సిలు పట్టుకుపోండి. పొలాలు, బావులు, చెరువులు, తూములు, సందులు, దిన్నెలు, వేటి పేర్లు చెప్పినా వ్రాసుకోండి. ఎట్లా పలికితే అట్లానే వ్రాయండి, దిద్దకండి. ఏ దిక్కున ఉన్నది, పక్కన ఏమున్నది, సర్వే నంబరు తెలిస్తే అదీ, ఎవరు చెప్పారో అదీ పక్కన పెట్టండి. కారణం చెబితే వ్రాయండి. చెప్పకపోతే చోటు ఖాళీగా వదలండి, మీరు అల్లకండి. ఆవడి కథ మరవకండి! భూమి ఉన్నవారినే కాదు, దున్నినవారిని, పశువులు కాచినవారిని, కలుపు తీసిన ఆడవారిని అడగండి. సద్ది మోసినామెకు తెలిసినంత దూరం పటంలో కూడా ఉండదు.

తెచ్చిన పుస్తకాలు మన సంఘం బీరువాలో ఒక అరలో పెడదాం. వచ్చే ఉగాది సంచికలో ఒక్కొక్క ఊరి పేర్లు వేయించమని కార్యవర్గంవారిని సభాముఖంగా కోరుతున్నాను. నా పదకొండు పేర్లూ మొదటి పేజీగా ఇచ్చేస్తున్నాను.

మా పాపకు ఏడేళ్ళు. ఆవడిలోనే పుట్టింది, బళ్ళో తమిళం చదువుతున్నది, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నది. పోయిన సంక్రాంతికి దాన్ని ఊరికి తీసుకుపోయి ఆ ప్లాట్ల రాళ్ళ మధ్య నిలబెట్టి, “దీని పేరు గంజిదిన్నె” అని చెప్పాను. “ఎందుకు నాన్నా?” అన్నది. అక్కడే కూర్చుని చెప్పాను. అంతా విని, “ఆ అవ్వకు అమ్మ పేరేమి?” అని అడిగింది. పిల్లకు గంజి పోసి తాను పోయిన ఆ తల్లి పేరు నాకు తెలియదు. మా అవ్వ చెప్పిందో లేదో కూడా గుర్తు లేదు. నేను అడగలేదు.

మీ ఇళ్ళలో ఇంకా అవ్వలున్నారు, తాతలున్నారు. ఇంటికి పోగానే అడగండి.